ఓర్చుకునేవాళ్లకే మొదటి కష్టమా?

కొల్లేటిలో మొదటి చేపను ఎవరూ ఎంచలేదు. తమ్మిలేరు, బుడమేరు వరదలతో కొన్ని దిగివచ్చాయి. ఉప్పుటేరు మీదుగా సముద్రం వైపు నుంచి కొన్ని ఎగబాకాయి. ఇమిడినవి మిగిలాయి, ఇమడనివి పోయాయి. పోయినవాటికి ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత మనిషి గట్లు వేసి చెరువులు కట్టాడు. శీలావతి ఎంత, బొచ్చె ఎంత వదలాలో లెక్క కట్టాడు. ఎంపిక అలా మొదలైంది. ఎంచినవాడు జవాబు చెప్పవలసిన రోజులూ అప్పుడే మొదలయ్యాయి.

చింతలపూడి లాంటి మెట్ట ఊళ్లో, పామాయిల్ తోటలూ మామిడి తోటలూ ఉన్నచోట, ఎవరైనా ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుకుంటే ఆ జవాబుదారీ పూర్తిగా వాళ్ల మీదే పడుతుంది. సముద్రంలో ఉండేదేదీ ఇక్కడికి తనంతట తాను రాదు. శుద్ధి చేసిన నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల సముద్ర లవణాలు కలపాలి. 200 లీటర్ల తొట్టెకు 7 కిలోలు. ఎండ 40 డిగ్రీలు దాటే వేసవిలో ఆ నీటిని 26 డిగ్రీల దగ్గర నిలపాలి. కరెంటు పోతే పంపు ఆగుతుంది, నీరు కదలదు, అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. కెరటం, వెలుగు, చీకటి, మేత అన్నీ మన చేతిలోవే. ఆ గాజు పలకల మధ్య కర్మ అనే మాట చెల్లదు. అక్కడ చేపకు జరిగేదంతా ఒక మనిషి చేసిన పనో, చేయకుండా వదిలేసిన పనో.

కాబట్టి మొదటి చేపగా దేన్ని తెచ్చుకోవాలని అడిగేవారు, తెలియకుండానే, చాలా పెద్ద ప్రశ్న అడుగుతున్నారు. మనం కట్టిన లోకంలోకి మొట్టమొదట ఎవర్ని పిలవాలి? ఏ స్థితిలో పిలవాలి?

కొత్త తొట్టెలో నీరు తేటగా కనిపిస్తుంది. కానీ అది ఇంకా పచ్చి నీరు. చేప విసర్జించేదీ, తినకుండా వదిలేసిన మేతా కుళ్లి అమ్మోనియా అవుతుంది. అది మొప్పల్ని కాల్చేస్తుంది. సముద్రపు నీటికి క్షారగుణం ఎక్కువ కాబట్టి, అదే మోతాదు అమ్మోనియా సాధారణంగా మంచినీటిలో కన్నా అక్కడ ఎక్కువ హాని చేస్తుంది. నైట్రోసోమోనాస్ వంటి సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా, నైట్రోస్పైరా వంటివి ఆ నైట్రైట్‌ని అంతగా కీడు చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ జీవులు రాళ్ల మీద, ఇసుకలో స్థిరపడటానికి తరచుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఈ వారాల కోసం ఒకప్పుడు చాలామంది పాటించిన పద్ధతి ఒకటి ఉంది. చవకగా దొరికే డామ్సెల్ చేపను ముందు వదిలేవారు. దాని విసర్జనతోనే సూక్ష్మజీవులు పెరిగేవి. నీరు కుదుటపడేదాకా ఆ విషమంతా అదే భరించేది. బతికితే సరే, చస్తే ఇంకొకటి. అసలు ఇష్టపడ్డ చేప ఆ తర్వాత వచ్చేది. డామ్సెల్‌నే ఎందుకు ఎంచారంటే, అది గట్టి చేప, ఓర్చుకుంటుంది కాబట్టి.

ఓర్చుకోగలగడం ఎప్పుడు ఒప్పుకోలు అయింది? 2003లో శాస్త్రవేత్త లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేపల పెదవుల్లోకి తేనెటీగ విషాన్నీ, ఎసిటిక్ ఆమ్లాన్నీ ఎక్కించి చూసింది. చాలాసేపు అవి మేత ముట్టలేదు. ఆమ్లం పడినవి మూతిని తొట్టె అడుగున గులకరాళ్లకేసి రుద్దుకున్నాయి. ఆ సంగతి మనకు తెలియడానికి కూడా కొన్ని చేపలు నొచ్చుకోవలసి వచ్చింది. చేప లోపల ఏం జరుగుతుందన్న వాదన శాస్త్రంలో ఇంకా తెగలేదు. తెగని చోట సందేహపు లాభం ఎవరికి ఇవ్వాలి? బాధ పెట్టగలిగినవాడికా, బాధపడే అవకాశం ఉన్నదానికా?

కొల్లేటి చేపలు మంచు పెట్టెల్లో లారీలెక్కి బెంగాల్ దాకా, ఈశాన్య రాష్ట్రాల దాకా పోతుంటే, ఒక్క చిన్న చేప గురించి ఇంత చింతన దేనికని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన మాటే. తిండి కోసం చంపడం మీద వేరే చర్చ ఉంది, దాన్ని దాటవేయకూడదు. కానీ అక్కడ కనీసం ఒక ఆకలి తీరుతుంది, ఒక కుటుంబం బతుకుతుంది. తొట్టెలో చేప ఉండేది మన కంటి సంతోషం కోసం. అవసరం ఎంత తక్కువైతే, దాని పేరున పెట్టే బాధకు సమర్థన అంత తక్కువ.

పైగా కొల్లేటి చెరువుల రైతుకు తెలిసిన క్రమమే ఇక్కడ దారి చూపిస్తుంది. ఆయన చెరువును ఎండగడతాడు, సున్నం చల్లుతాడు, నీరు పెడతాడు, నీటికి రంగు తిరిగేదాకా ఆగుతాడు. పిల్ల వదిలేది ఆ తర్వాతే. అక్వేరియంలోనూ అది సాధ్యమే. చేప లేకుండానే కొద్దిగా అమ్మోనియం క్లోరైడ్ వేసి, సూక్ష్మజీవుల్ని పెంచి, పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపేదాకా కాచుకోవచ్చు. రాళ్లూ నీళ్లూ తప్ప మరేమీ లేని తొట్టె ముందు వారాల తరబడి కూర్చోవడం మనిషికి విసుగు. కానీ ఆ విసుగు మనం భరిస్తే, ఆ విషం చేపకు తప్పుతుంది.

ఈ లెక్క తొట్టె దగ్గర ఆగేది కాదు. ఇంటి పెద్దకూతురు సర్దుకుపోతుందని బడి మాన్పించి చిన్నవాళ్లను చదివించిన ఇళ్లు మన ఊళ్లలో ఎన్ని లేవు? చింతలపూడికి దూరం కాని జంగారెడ్డిగూడెం, జీలుగుమిల్లి, బుట్టాయగూడెం మండలాల్లో పోలవరం ప్రాజెక్టు నిర్వాసితుల కోసం కాలనీలు కట్టారు. గోదావరి ఒడ్డు వదిలిన కోయ, కొండరెడ్డి కుటుంబాలు అక్కడికి వచ్చాయి. అలాంటి ప్రతి కాలనీ గురించీ అడగవలసింది ఒకటే: మొదటి కుటుంబం అడుగు పెట్టేనాటికి నీళ్లు, బడి, వైద్యం, చేయడానికి పని సిద్ధంగా ఉన్నాయా? లేక అడవిలో బతికినవాళ్లు కదా, తట్టుకుంటారని అనుకున్నామా? మనుషుల్ని చేపలతో పోల్చడం నా ఉద్దేశం కాదు. మన మనసు రెండు చోట్లా ఒకే కొలత వాడుతోందేమోనన్నదే నా భయం.

మరి నీరు కుదిరాక ఏ చేప? డామ్సెల్ విషయంలో ఇంకో ఇబ్బంది ఉంది. ముందు వచ్చిన డామ్సెల్ చోటంతా తనదంటుంది, తర్వాత వచ్చినవాటిని తరుముతుంది. మొదటి ఎంపిక రాబోయేవాటి బతుకును కూడా నిర్ణయిస్తుందన్నమాట. మాండరిన్ చేప అందానికి పెట్టింది పేరు. కానీ అది రాళ్ల మీద పాకే సన్నని జీవుల్ని ఏరుకు తింటుంది, కొత్త తొట్టెలో ఆకలితో కృశిస్తుంది. సముద్రపు అలంకార చేపల్లో అత్యధిక జాతులు నేటికీ పగడపు దిబ్బల దగ్గర పట్టినవే. కొన్ని దేశాల్లో వాటిని సైనైడ్ చల్లి మత్తెక్కించి పట్టారు. క్లౌన్ చేప మాత్రం మనిషి పెంపకంలోనే గుడ్డు నుంచి పుట్టి పెరుగుతోంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మన దేశంలోనూ దాన్ని సాధించారు. హేచరీలో పుట్టిన జతను తెచ్చుకుంటే దిబ్బ నుంచి ఒక్క ప్రాణాన్నీ తీసినట్టు కాదు. అందుకే నా ఎంపిక అదే. అయితే అది ఇరవై ఏళ్లు కూడా బతకగలదు. ఈ రోజు తెచ్చుకునేవాడు అన్నేళ్ల మాట ఇస్తున్నాడు. గాజులో పుట్టిన చేపకు సముద్రం లేని లోటు తెలుస్తుందా అన్న ప్రశ్న అప్పటికీ మిగులుతుంది. మనకు అనుకూలమైన జవాబు చెప్పుకుని దాన్ని మూసేయడం నిజాయితీ కాదు. ఆ ప్రశ్న బరువు మోయలేమనిపించినవారు తొట్టె పెట్టకపోవడం కూడా గౌరవించదగిన నిర్ణయమే.

లోకాన్ని కట్టాలనుకున్నవాడే దాని పచ్చిదనాన్ని ముందు భరించాలి. తొట్టె అయినా, ఇల్లు అయినా, ఊరు అయినా, అందులోకి మొదట వచ్చే ప్రాణి మన తొందరకు మూల్యం కట్టకూడదు. ఎవరు తట్టుకుంటారని వెతకడం మానేసి, ఎవరూ తట్టుకోనక్కర్లేనంతగా సిద్ధం చేయడమే ఎంచుకునేవాడి ధర్మం.