న్యాయమూర్తి యెవరి మనిషి?

వొక న్యాయమూర్తి పదవీ విరమణ చేస్తాడు. ఆ స్థానంలోకి మరొకరు వస్తారు. పైకి యిది కార్యాలయ వ్యవహారం. కాని ఆ వచ్చేవారిని నిర్ణయించేదెవరు, యే కొలతతో నిర్ణయిస్తారు అని అడగగానే అది రాజకీయమవుతుంది, నైతిక సమస్య కూడా అవుతుంది. సాహిత్యం బోధించే నాకు న్యాయస్థానాలతో పనేమిటని కొందరనవచ్చు. న్యాయమూర్తి యెవరి మనిషి అన్నది న్యాయవాదులకే వదిలేయదగిన ప్రశ్న కాదని నా అభిప్రాయం.

1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించవచ్చుగాని దాని మౌలిక స్వరూపాన్ని మార్చరాదని 13 మందిలో ఏడుగురు తేల్చారు. మరునాడే ప్రధాన న్యాయమూర్తి సిక్రీ విరమణ. వరసలో ఆయన తర్వాత వున్న షేలత్, హెగ్డే, గ్రోవర్ ముగ్గురినీ దాటించి, ప్రభుత్వం ఎ. ఎన్. రేను ఆ పీఠం యెక్కించింది. ఆ ముగ్గురూ తీర్పులో ప్రభుత్వ వాదాన్ని కాదన్నవారు. రే దానిని ఔనన్నవాడు. ముగ్గురూ రాజీనామా చేశారు.

యీ చర్యను సమర్థించినవారందరినీ అధికార దాసులని కొట్టిపారెయ్యటం సులభం. న్యాయం మాత్రం కాదు. వారి వాదంలో బలం వున్నది. 1967లో గోలక్‌నాథ్ కేసులో, మన తెలుగువాడైన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుతో సహా ఆరుగురు, ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించజాలదన్నారు. అప్పటికి ఆస్తి కూడా ప్రాథమిక హక్కే. దానితో భూసంస్కరణల భవిష్యత్తే సందేహంలో పడింది. 1970లో బ్యాంకుల జాతీయకరణ చట్టమూ, రాజభరణాల రద్దూ కోర్టులో వీగిపోయినై. కమ్యూనిస్టు ఉద్యమం నుంచి వచ్చిన మంత్రి మోహన్ కుమారమంగళం, ప్రధాన న్యాయమూర్తిని యెంచేటప్పుడు ఆయన దృక్పథాన్ని ప్రభుత్వం చూడవచ్చునని లోక్‌సభలో వాదించాడు. న్యాయమూర్తి ఆకాశం నుంచి వూడిపడడు. ఆయనకూ వొక వర్గం, వొక కులం, వొక పెంపకం వున్నాయి. యిది నిజం.

అయితే యీ నిజం నుంచి తేలేదేమిటి? న్యాయమూర్తి దృక్పథాన్ని ప్రజలు బహిరంగంగా పరీక్షించాలని తేలుతుంది. పాలకుడు తనకు నచ్చినవాణ్ణి తెచ్చుకోవచ్చునని తేలదు. యీ రెంటినీ కలిపెయ్యటంలోనే ప్రమాదమున్నది.

ఆ ప్రమాదమేమిటో మూడేళ్లకే తెలిసింది. ఎమర్జెన్సీలో విచారణ లేకుండా జైళ్లలో పెట్టినవారి హెబియస్ కార్పస్ దరఖాస్తులను వినవచ్చునని తొమ్మిది హైకోర్టులు అన్నాయి. పోలీసు అక్రమంగా ప్రాణం తీసినా అప్పటికి కోర్టులో దిక్కులేదా అని జస్టిస్ ఖన్నా అడిగితే, లేదనే ప్రభుత్వ న్యాయవాది వొప్పుకున్నాడు. అయినా 1976 ఏప్రిల్ 28న, రే అధ్యక్షతన, నలుగురు ప్రభుత్వ పక్షానే నిలిచారు. ఖన్నా వొక్కడే కాదన్నాడు. అప్పుడు జైళ్లలో వున్నవారు భూస్వాములూ సంస్థానాధీశులూ మాత్రమే కాదు. కార్మిక నాయకులు, విద్యార్థులు, మన తెలుగు రచయితలు కొందరు. 1977 జనవరిలో రే విరమించగా, వరస ప్రకారం రావలసిన ఖన్నాను తప్పించి బేగ్‌ను నియమించారు. ఖన్నా రాజీనామా చేశాడు. 1973లో బద్దలుకొట్టిన తలుపే అది.

యిక్కడ వొక విషయం గమనించాలి. ఆ నలుగురిలో భగవతి వున్నాడు. తర్వాతి కాలంలో ప్రజాప్రయోజన వ్యాజ్యాలతో పీడితులకు కోర్టు గుమ్మం తెరిచినవారిలో ఆయన ముఖ్యుడు. ఖన్నా యే వామపక్షానికీ చెందినవాడు కాడు. కనుక ‘మన భావాలున్నవాడా?’ అన్న కొలత చాలదు. తనను ఆ పీఠం మీద కూర్చోబెట్టినవాడికి ‘వీల్లేదు’ అనగలడా అన్నదే అసలు కొలత.

1993 నుంచి న్యాయమూర్తులను యెంచటంలో సీనియరు న్యాయమూర్తుల మాటే ప్రధానమైంది. దానికి బదులు కమిషన్ను తెచ్చిన చట్టాన్ని 2015లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. మూసిన గదిలో న్యాయమూర్తులే న్యాయమూర్తులను యెంచుకునే పద్ధతికి మనం హారతి పట్టనక్కరలేదు. యెంపికకు కారణాలు ప్రజలకు చెప్పాలని, దళితులు, ఆదివాసులు, స్త్రీలు ఆ పీఠాల మీదకు రావాలని, విరమణ తర్వాతి పదవులు యెరగా మారరాదని పోరాడాలి. కాని యే మార్పును కోరేముందైనా వొక ప్రశ్న వేసుకోవాలి: యీ అధికారం రేపు మన శత్రువు చేతికి పోతే యేమవుతుంది?

ధనవంతుడికి న్యాయస్థానం కాకపోతే మంత్రి యిల్లున్నది, పత్రిక వున్నది, డబ్బున్నది. విచారణ లేకుండా జైల్లో పడిన కూలీకి ఆ వొక్క తలుపే వున్నది. దాని తాళంచెవి పాలకుడి మొలలో వుండటానికి మనం వొప్పుకోరాదు. ఆ పాలకుడు మనవాడైనా సరే.