యోగ్యతా నిర్ణయము

ఎదుగుచున్న బాలుని యోగ్యతను ముందుగా తేల్చి చెప్పు అధికారము మనకు ఎంతవఱకు కలదు? ఈ ప్రశ్న బడికిని, కొలువునకును, ఆటస్థలమునకును సమానముగనే చెందును. ఆటయందు లెక్కలు స్పష్టముగ నుండుటచే, క్రికెట్‌లో పైకి వచ్చుచున్న బౌలర్‌ను పరీక్షించు విధమును విచారించినచో దీని స్వరూపము తేటపడును.

ఇరువది ఓవర్ల ఆటలో ఒక బౌలర్ వేయదగినవి 24 బంతులు. చివరి ఘడియలలో పిలువబడువానికి ఒక్కొక్కనాడు పండ్రెండే దక్కును. అందొకటి బ్యాటు అంచునకు తగిలి హద్దు దాటవచ్చును. వేఱొక బంతికి లేచిన క్యాచ్‌ను సహచరుడు జారవిడువవచ్చును. లెక్కల పుస్తకమున మాత్రము ఆ పరుగులన్నియు బౌలర్ పేరనే పడును. మన నైయాయికులు పొగను చూచి నిప్పును ఊహించుటకు వ్యాప్తిజ్ఞానము కావలయుననిరి. వంటింటిలో ఒకమాటు రెంటిని కలిపి చూచుట చాలదు. భూయోదర్శనము ఉండవలెను, వ్యభిచారము కానరాకుండవలెను. పండ్రెండు బంతులను చూచి ఒకని భవిష్యత్తును చెప్పువారు ఈ నియమమును మఱచుచున్నారు.

హైదరాబాదునకు చెందిన మహమ్మద్ సిరాజ్ చరిత్రము చూడుడు. తండ్రి ఆటో నడిపి కుటుంబమును పోషించెను. 2015లో రంజీ పోటీలలో ప్రవేశించిన ఈ యువకుడు 2016-17లో 41 వికెట్లు పడగొట్టెను. 2017 వేలమున 20 లక్షల రూపాయలతో మొదలైన అతని ధర 2 కోట్ల 60 లక్షలకు పోయెను. 2019లో ఓవరుకు తొమ్మిదికి పైగా పరుగులిచ్చి పరిహాసములకు పాత్రుడయ్యెను. 2020 అక్టోబరులో కలకత్తా జట్టుపై నాలుగు ఓవర్లు వేసి, 8 పరుగులు మాత్రమే ఇచ్చి, మూడు వికెట్లు గైకొనెను. 2021 జనవరిలో బ్రిస్బేన్‌లో ఒక్క ఇన్నింగ్సున అయిదు వికెట్లు తీసెను. 2025 ఆగస్టులో ఓవల్ మైదానమున భారతజట్టు ఆఱు పరుగుల తేడాతో గెలిచినప్పుడు చివరి వికెట్ అతనిదే. 2019లో తుది తీర్పు వ్రాసినవారి మాట ఏమైనది? అతడు అభ్యాసముచే మాఱెను. మాఱగలవానిని మాఱని వస్తువువలె తూచుటయే ఇచటి మొదటి దోషము.

రెండవ దోషము ధరను గుణమని భ్రమించుట. మా బంగారుపాళ్యపు రైతులకు ఈ భేదము ఒకరు చెప్పనక్కఱలేదు. 2025లో తోతాపురి ధర పడిపోగా ప్రభుత్వము కిలోకు 4 రూపాయల సాయము ప్రకటింపవలసి వచ్చెను. కాయ చెడి ధర పడలేదు. పంట విస్తారమై, గుజ్జు కర్మాగారములలో పాత నిలువలు మిగిలి పడినది. ధర కొనువాని అవసరమును తెలుపును గాని కాయలోని తీపిని తెలుపదు. మనుష్యుల వేలమునను ఇంతియే. ఐనను తక్కువ ధర పలికిన పిల్లవాడు తన యందే ఏదో లోపమున్నదని నమ్మి క్రుంగిపోవును. కాయకు ఆ బాధ లేదు.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. జట్టున నుండువారు పదునొకండుగురే. ఒకనియెడ చూపు దయ మఱొకనికి అన్యాయము కాదా? నిజమే. ఎంపిక తప్పదు. సిరాజ్ నిలిచెను గనుక అందఱును నిలుతురనుటయు తప్పే. ఉత్తరప్రదేశమునకు చెందిన రింకూ సింగ్ 2008లో ఒక పోటీలో నెగ్గి, తానెఱుగని బేస్‌బాల్ ఆటకై అమెరికాకు పోయెను. పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థ అతనిని తన క్రింది శ్రేణి జట్లలో చేర్చుకొని, ఆట నడుమ పిలువబడు రిలీఫ్ పిచ్చర్‌గా కొన్ని యేండ్లు పరీక్షించెను. అతడు పై శ్రేణికి చేరలేదు. 2018లో వృత్తి మల్లయోధుడయ్యెను. దీనిని అన్యాయమనరాదు. బంతి వేయుటకు అతనికి కాలమును, నేర్పువారును దొరకిరి. చేరకపోవుట వేఱు, చూడకయే త్రోసివేయబడుట వేఱు.

ఎంపికలో రెండు విధములైన పొరపాట్లు కలవు. అయోగ్యుని చేర్చుకొనుట ఒకటి. యోగ్యుని విడిచివేయుట రెండవది. మొదటిది త్వరలోనే బయటపడును, లోకము వ్రేలెత్తి చూపును. రెండవది బయటపడుట అరుదు. విడువబడినవాడు మరల ఆడడు. ఆడనివాని శక్తి ఋజువు కాదు. ఋజువు కాకపోవుటయే పరీక్షకుని తీర్పునకు సాక్ష్యమగును. కావున పరీక్షకులకు తమ వివేచనమందు నమ్మకము నానాటికి పెరుగును. అందును బీదవాని కుమారునికి రెండవ అవకాశము కొనిపెట్టువారు ఉండరు. కలవారి పిల్లలు వేఱొక శిక్షణాలయమున చేరుదురు. కూలివాని పిల్లవాడు మండీలో గంపలు మోయుటకు పోవును. ఒకే తీర్పు ఇరువురి విషయమున సమానమైన బరువు గలది కాదు.

అట్లగుటచే తీర్పు చెప్పువారికి కొన్ని ధర్మములు కలవు. బౌలర్ చేతిలో నున్నదానిని, లేనిదానిని వేఱుపఱచి చూడవలెను. బంతి ఎచట పడినది, సిక్సరు కొట్టించుకొన్న పిదప మఱుసటి బంతిని ఎట్లు వేసినాడు అనునవి అతనివి. జారిన క్యాచ్ అతనిది కాదు. లోపమును పేరుపెట్టి చెప్పవలెను. అది సాధనచే పోవునదా కాదా తెలుపవలెను. మరల చూచు దినమును ఆనాడే నిర్ణయింపవలెను.

“ఇప్పటికి చాలడు” అనుటకును “పనికిరాడు” అనుటకును గల అంతరము పెద్దది. మొదటిది చూచినదానిని చెప్పును. రెండవది చూడనిదానిని గూడ చెప్పును. పదవతరగతి మార్కులను చేతబట్టుకొని పిల్లల ముందఱ నిలుచు ఉపాధ్యాయులమైన మనము రెండవ మాటను ఏటికి ఎన్నిమార్లు పలుకుచున్నామో లెక్కించుకొనుట మంచిది.