కలివికోడి – దాసోహ ధర్మము

జనులకు నీరిచ్చు కాలువను ఒక పక్షి కొరకు మళ్ళించుట ధర్మమగునా? కడప జిల్లాలోని కలివికోడి వృత్తాంతము ఈ ప్రశ్నను మన ముందుంచుచున్నది.

రాత్రివేళ ముళ్ళపొదల నడుమ సంచరించు ఈ చిన్న పక్షిని జెర్డాన్ అను ఆంగ్ల వైద్యుడు 1848లో శాస్త్రలోకమునకు తెలియజేసెను. 1900 తరువాత దాని జాడ లేకపోవుటచే అది నశించినదని తలచిరి. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ అన్వేషణ ఫలితముగా లంకమల కొండల చెంత రెడ్డిపల్లె వద్ద అది మరల దొరకెను. పట్టి చూపినవాడు స్థానిక వేటగాడు. గ్రంథములు మరచిన పక్షిని పల్లె ప్రజలు మరువలేదు. అన్ని వృత్తుల వారి అనుభవమునకు ఆసనమిచ్చిన అనుభవ మంటప సంప్రదాయమునకు ఇది క్రొత్త సత్యము కాదు.

పట్టుబడిన ఆ పక్షి బ్రతుకలేదు. తరువాతి పరిశోధకులు పొదల నడుమ మెత్తని మన్ను పరచి, దానిపై పడిన అడుగుజాడలను పరిశీలించిరి. తాకకయే తెలిసికొనుట జ్ఞానమునకు తగిన వినయము.

2005 నాటికి తెలుగుగంగ కాలువ త్రవ్వకము దాని నివాసమును సమీపించెను. సుప్రీంకోర్టు నియమించిన సంఘము దాకా విషయము పోయి, కాలువ మార్గము మారినది.

మిర్యాలగూడ, కోదాడ రైతులకు కాలువ విలువ వేరుగా చెప్పనక్కరలేదు. 1967లో నాగార్జునసాగరము కాలువలకు నీరు వదలిన పిదపనే అక్కడి మెట్టచేలు మాగాణులైనవి. సూర్యాపేట ప్రాంతమునకు మూసీ నీరును అట్టిదే. కరవు నెరిగినవారు "పక్షి ముఖ్యమా, పంట ముఖ్యమా" అని అడిగిన తప్పు పట్టరాదు. అయితే అచట కోరినది నీరు మానుమని కాదు, దారి మార్చుమని. నీటికి వేరు దారి కలదు. ఆ పక్షికి ఆ పొదలు తప్ప వేరు చోటు తెలియదు.

దాసోహమనగా మిగిలినది విదల్చుట కాదు. తన భాగము నుండి ఇతర ప్రాణికి చోటు కల్పించుట. కృతజ్ఞత చెప్పగల అతిథికి పెట్టుట సులభము. మాట లేని ప్రాణికి పెట్టినప్పుడే బసవేశ్వరుడు బోధించిన దయకు పరీక్ష.

2008 పిమ్మట చాల ఏండ్లు ఆ పక్షి రూఢిగా కంటబడలేదు. కాలువ మళ్ళించినంత మాత్రమున అది నిలుచునను హామీయు లేదు. అయినను అన్వేషకులు వెదకుట మానలేదు. ఫలము చేతికందినను, అందకున్నను కాయకము కాయకమే. చెలక గట్టున పొద నరుకబోవు మన రైతు, అందెవరు కాపురమున్నారో ఒక్కమారు చూచిన, ఆ దాసోహము మన యింటనే మొదలగును.