ఒంటి ఏనుగు, రెండో పోనీ

హేవ్‌లాక్ దీవికి ఇప్పుడు ప్రభుత్వం పెట్టిన పేరు స్వరాజ్ ద్వీప్. పదిహేనేళ్ళ కిందట అక్కడికి వెళ్ళిన యాత్రికులు రాధానగర్ బీచ్ గురించి ఎంత అడిగేవారో రాజన్ గురించీ అంతే అడిగేవారు. రాజన్ ఏనుగు. సముద్రంలో ఈదేవాడు. తొండం నీటిపైకి ఎత్తి గాలి పీల్చుకుంటూ, నాలుగు కాళ్ళతో నీటిని తొక్కుకుంటూ పోతుంటే కింద ఈతగాళ్ళు కెమెరాలు పట్టుకుని వెంటబడేవారు. 2006లో వచ్చిన ‘ది ఫాల్’ సినిమాలో ఈదుతూ కనిపించే ఏనుగు అతనే.

అతన్ని అండమాన్‌కు తెచ్చింది మాత్రం వినోదానికి కాదు. 1970లలో మరికొన్ని ఏనుగులతో కలిపి ఓడెక్కించి, అడవిలో కొట్టిన దుంగలు ఈడ్చడానికి తెచ్చారు. ఒక దీవిలో పని అయిపోతే పక్క దీవికి పోవాలి కనుక ఈత నేర్పారు. అండమాన్ అడవులపై శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక వచ్చాక, 2002 మే 7న సుప్రీంకోర్టు ఆ అడవుల్లో చెట్ల నరికివేతకు చాలావరకు అడ్డుకట్ట వేసింది. దాంతో రాజన్‌కు పని పోయింది. కేరళలోని ఒక గుడికి అమ్మేద్దామని యజమాని అనుకుంటుంటే, హేవ్‌లాక్‌లోని ఒక రిసార్ట్ అతన్ని దగ్గర పెట్టుకుంది. మేత, స్నానం, అడవిలో షికారు, వెన్నంటి ఉండే మావటి, దేనికీ లోటు చేయలేదు. 2016లో, 66 ఏళ్ళ వయసులో రాజన్ చనిపోయాడు. సముద్రంలో ఈదే ఆ ఏనుగుల జట్టులో చివరిదాకా మిగిలింది అతనొక్కడే.

అదే అండమాన్‌లో ఇంకో ఏనుగుల కథ ఉంది. మధ్య అండమాన్‌కు పడమర ఇంటర్వ్యూ అని ఒక దీవి. కలకత్తాకు చెందిన పి.సి. రే కంపెనీ అక్కడ కలప కొట్టించేది. 1962లో కంపెనీ చేతులెత్తేసింది. మనుషులు ఓడెక్కారు, ఏనుగులు ఉండిపోయాయి. దాదాపు 40 ఏనుగులు. మావటి లేడు, మందు లేదు, కట్టేసి మేత వేసేవాడు లేడు. అవి అడవి పట్టాయి. పిల్లల్ని కన్నాయి. కొన్ని ఈదుకుంటూ ఉత్తర అండమాన్ తీరానికీ చేరాయి. ఏనుగన్నదే ఎన్నడూ లేని ఆ దీవుల్లో ఏనుగుల మందలు తయారయ్యాయి. అక్కడి అడవికి ఇది మేలు చేయలేదు. ఆ చెట్లకు ఏనుగు దంతం అలవాటు లేదు. బెరడు చీల్చేశాయి, పేముపొదలు, మొగలి జాతి చెట్లు పలచబడ్డాయి. ఆ నష్టాన్ని లెక్కగట్టిన శాస్త్రవేత్తలు చెప్పేదాన్ని తోసిపుచ్చడానికి లేదు.

అయినా ఏనుగు వైపు నుంచి చూస్తే మింగుడుపడని సంగతి ఒకటి మిగులుతుంది. గాలికి వదిలేసినవాటికి తోడు దొరికింది. కళ్ళలో పెట్టుకుని చూసుకున్నదానికి దొరకలేదు.

మనిషి జంతువుకు ఏమి బాకీ పడ్డాడని అడిగితే మన ధర్మశాస్త్రాలకు జవాబు సిద్ధంగానే ఉంది. గృహస్థు రోజూ చేయాల్సిన పంచమహాయజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. తాను తినేముందు ఇతర ప్రాణులకు ఒక ముద్ద తీసిపెట్టాలి. ఆవుకు గ్రాసం, కాకికి పిండం, చీమలకు నూక. గోశాలలు, పింజ్రాపోళ్ళు ఈ భావం మీదే నడుస్తున్నాయి. మంచిదే. కాని ఆ పట్టీ అంతా ఆకలి చుట్టూనే తిరుగుతుంది. తన జాతి జీవి పక్కన నిలబడాలన్న అవసరానికి అందులో పద్దు లేదు. పూర్వం ఆ పద్దు అక్కర్లేకపోయి ఉండవచ్చు. ఊళ్ళో ఆవుకు పక్కింటి ఆవు ఉండేది, పొద్దున మందగా బీటికి పోయి సాయంత్రం మందగా వచ్చేవి. జంతువును ఒక్కదాన్నే కొనుక్కుని, నాలుగు గోడల మధ్య పెట్టుకుని ముద్దుచేయడం కొత్త అలవాటు.

పైగా మన సంప్రదాయాలకు ఏకాంతమంటే మహా గౌరవం. ముని అడవికి పోతాడు, బుద్ధుడు ఇల్లు విడుస్తాడు. ఆ ఇల్లు విడిచిన రాత్రిని అమరావతి శిల్పులు రాతిలో చెక్కారు. కంథకమనే గుర్రం, దాని మీద సిద్ధార్థుడు. డెక్కల చప్పుడు ఊరికి వినపడకుండా దేవతలు అరచేతులు పట్టారని కథ. తరువాతి ముచ్చటను పాలి నిదానకథ చెబుతుంది: యజమాని కనుమరుగు కాగానే కంథకం గుండె పగిలి చచ్చిపోయింది, దేవలోకంలో పుట్టింది. ఎవరి దుఃఖాన్నో తొలగించడానికి బయల్దేరినవాడి తొలి అడుగులోనే ఒక గుర్రం తోడు తెగి ప్రాణం విడిచిందని ఆ కథ చెప్పినవాళ్ళు దాచలేదు. ఏకాంతం ఎంచుకున్నవాడికి తపస్సు. ఎంచుకునే వీలు లేనిదానికి అది ఏమవుతుంది?

ఏమవుతుందో అండమాన్‌ను పాలించిన తెల్లవాళ్ళకు బాగా తెలుసు. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేసిన సెల్యులార్ జైలులో కొమ్మల్లా చీలిన ఏడు భవనాలు, దాదాపు 700 గదులు. ఒక కొమ్మలోని గదుల ముఖం పక్క కొమ్మ వీపు వైపు ఉండేలా కట్టారు, ఖైదీకి ఖైదీ కనపడకూడదని. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి వంటి తెలుగువాళ్ళూ అక్కడ గడిపారు. తిండి పెడుతూనే మనిషిని విరిచేయవచ్చని లెక్కవేసి కట్టిన కట్టడం అది. గుర్రాన్ని ఒంటిగా కట్టేసే సావిడి ఆ లెక్కతో కట్టింది కాదు, కాని లోపలున్న గుర్రానికి కట్టినవాడి ఉద్దేశం తెలియదు.

గుర్రం మందలో బతికే జంతువు, పొట్టి గుర్రమైన పోనీ కూడా అంతే. గాఢనిద్ర కోసం అది నేలమీద పడుకోవాలి. మందలో కొన్ని పడుకుంటే ఒకటి నిలబడి కాపలా కాస్తుంది. ఒంటి గుర్రానికి ఆ కాపలా లేదు. రెండు గుర్రాలు ఎదురెదురుగా నిలబడి ఒకదాని మెడను ఒకటి పళ్ళతో గోక్కోవడం అందరూ చూసేదే. మెడ, వీపు కలిసే ఆ చోట గోకితే గుండె వేగం తగ్గుతుందని ఫ్రాన్స్‌లో కమార్గ్ గుర్రాలపై చేసిన పరిశీలనలో తేలింది, 1993లో ప్రచురించారు. ఒంటిగా కట్టేసిన గుర్రాలు తలుపు దగ్గర నిలబడి గంటలకొద్దీ తల అటూ ఇటూ ఊపుతుంటాయి. సావిట్లో అద్దం పెడితే ఆ ఊపడం తగ్గిందని ఇంకో అధ్యయనం చెప్పింది. తన ప్రతిబింబమే తోడు! నవ్వాలో ఏడవాలో తెలియని ఫలితం. స్విట్జర్లాండ్ 2008లో తెచ్చిన నిబంధనల్లో గుర్రానికి మరో గుర్రం కనపడాలి, వినపడాలి, వాసన తగలాలి అని రాసుకుంది.

అందుకే పోనీ ఉన్నవాళ్ళు ఇంకో పోనీని వెతుకుతారు. కొత్తది కొనడం కన్నా, ఎక్కడో దెబ్బలు తిని, మేత లేక చిక్కి, ఎవరో కాపాడి తెచ్చినదాన్ని తీసుకుంటే రెండు పుణ్యాలు కలిసొస్తాయనిపిస్తుంది. స్వారీకి పనికిరాకపోయినా ఫర్వాలేదు, పక్కన నిలబడితే చాలు. ఆచరణలో ఇది అంత సులువు కాదు. అంటురోగాల భయంతో కొత్తదాన్ని కొన్నివారాలు విడిగా పెట్టాలి. తర్వాత కంచెకు అటొకటి ఇటొకటి ఉంచి వాసన చూసుకోనివ్వాలి. కలిపిన మొదటి రోజుల్లో కీచులాట, తన్నులాట తప్పదు. మేత రెండు చోట్ల, దూరదూరంగా వేయాలి. జత కుదిరాక కొత్త చిక్కు: ఒకదాన్ని బయటికి తీసుకెళ్తే రెండోది కంచె వెంట పరుగులు పెట్టి అరుస్తుంది.

జత కుదరకపోవడమూ ఉంది. అమెరికాలో 1930లలో పందేలు గెలిచి పేరు మోసిన సీబిస్కట్ అనే గుర్రం మొదట్లో ఒట్టి కోపిష్టి. శిక్షకుడు టామ్ స్మిత్ ఆనాటి పందెపు శాలల ఆచారం ప్రకారం తోడుగా ఒక మేకను పెట్టాడు. సీబిస్కట్ దాన్ని పళ్ళతో పట్టి బయటికి విసిరేసింది. తర్వాత పంప్‌కిన్ అనే పసుపురంగు గుర్రాన్ని తెచ్చి, మధ్యగోడ తీయించి ఒకేచోట ఉంచారు. అది కుదిరింది. ఒక వీధికుక్క, ఒక కోతి కూడా ఆ సంసారంలో చేరాయి. ఈ కథ చెప్పుకున్నప్పుడల్లా సీబిస్కట్ ఎలా బాగుపడిందో చెబుతారు. పంప్‌కిన్‌కు ఎలా ఉందని అడిగేవాళ్ళు తక్కువ.

అసలు ప్రశ్న అక్కడుంది. రెండో పోనీ వచ్చింది తన కోసం కాదు, మొదటిదాని బెంగ తీర్చడానికి. ఒక ప్రాణిని ఇంకో ప్రాణికి మందుగా వాడటం దయ అవుతుందా? మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట చివరిదాకా నడిచిన కుక్కను ఇక్కడ తలచుకోవచ్చు. ద్రౌపది, తమ్ముళ్ళు ఒక్కొక్కరే పడిపోయాక మిగిలిన తోడు అది. దాన్ని వదిలి రథమెక్కమని ఇంద్రుడంటే, నమ్మి వచ్చినదాన్ని వదలడం మహాపాపమని ధర్మరాజు స్వర్గాన్నే వద్దన్నాడు. అయితే ఆ కుక్కను ఎవరూ తేలేదు. తనంతట తాను వెంటబడింది. రెండో పోనీ తనంతట తాను రాదు, లారీలో వస్తుంది. అలాగని తేవడం తప్పనడం కూడా తొందరపాటే. ఇటుకబట్టీ దగ్గర కాలు కుంటిదై పడున్న పోనీకి పచ్చిక, పక్కన ఇంకో పోనీ దొరకడం నష్టం కాదు. తెచ్చినవాడి మనసులోని కారణం ఏదైనా, తెచ్చాక బాధ్యత రెండింతలవుతుంది. ‘నమ్మి వచ్చినది’ అన్న మాట రెండోదానికీ వర్తిస్తుందా, లేక మొదటిది పోగానే దాని పని అయిపోయిందా అన్నదాన్ని బట్టి అది దయో వాడకమో తేలుతుంది.

మొదటిది పోవడం ఖాయం కదా. అప్పుడు రెండోది ఒంటిదవుతుంది. దానికి మూడోది తేవాలి. మూడోదానికి నాలుగోది. తర్కశాస్త్రజ్ఞులైన నైయాయికులు అనవస్థ అని తప్పుపట్టేది ఇలాంటి గొలుసునే, ఎక్కడా ఆగకుండా పోయే కారణాల వరసను. మందలో ఈ చిక్కు రాదు. అక్కడ ముసలివి పోతుంటాయి, పిల్లలు పుడుతుంటాయి, మిగిలినదానికి మంద మిగులుతుంది. మంద నుంచి ఒకదాన్ని విడదీసిన రోజునే ఈ లెక్క మొదలైంది. అంటే తోడు దానం కాదు, తీసుకున్న అప్పు.

మనిషి తానే తోడు కాలేడా? కొంతవరకు కాగలడు. నలోపాఖ్యానంలో నలుడు మారురూపంలో, బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడి రథం తోలుకుంటూ కుండినపురం చేరతాడు. అప్పటికే అక్కడున్న తన పాత గుర్రాలు రథఘోష విని, ఎదుట నలుడు ఉన్నట్టే పులకించాయని వ్యాసుడు రాశాడు. భార్య దమయంతి కన్నా ముందు గుర్తుపట్టింది గుర్రాలే. అయితే చదివేటప్పుడు జారిపోయే మాట ఒకటుంది: గుర్రాలు, బహువచనం. అవి నలుణ్ణి తలచుకుంటూ ఉన్నా ఒంటిగా లేవు.

ఒంటిగా ఉంటే ఏమవుతుందో మన కాలపు రెండు ఏనుగులు చూపించాయి. శ్రీలంక 1985లో పాకిస్తాన్‌కు ఇచ్చిన కావన్, 2012లో జత ఏనుగు సహేలీ చనిపోయాక ఇస్లామాబాద్ జూలో తల ఊపుకుంటూ ఎనిమిదేళ్ళు గడిపింది. 2020 మేలో ఇస్లామాబాద్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అథర్ మినల్లా దాన్ని విడిపించమని తీర్పిచ్చారు. ఆ తీర్పులో చట్టంతో పాటు ఇస్లాం బోధలనూ ఆధారం చేసుకున్నారు, మనిషి భూమికి యజమాని కాదు, అప్పగించిన సొత్తుకు కాపలాదారు అన్న వాదనతో. ఆ నవంబరు చివర్లో కావన్‌ను విమానంలో కంబోడియా చేర్చారు. ఎనిమిదేళ్ళ తర్వాత మొదటిసారి ఇంకో ఏనుగు తొండాన్ని తాకింది.

ఢిల్లీ జూలోని శంకర్‌కు ఆ రోజు రాలేదు. రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మకు జింబాబ్వే ఇచ్చిన కానుక అది, 1998లో వచ్చింది. వెంట వచ్చిన ఆడ ఏనుగు కొద్ది ఏళ్ళకే పోయింది. ఆసియా ఏనుగులతో కలపాలని చూశారు, పొసగలేదు. ఆఫ్రికా ఏనుగుకు ఆసియా ఏనుగు పక్కింటి మనిషి కాదు, పరభాషా మనిషి. దాన్ని మరో చోటికి పంపమని వేసిన పిటిషన్ 2023లో కోర్టులో నిలవలేదు. 2025 సెప్టెంబరులో, ముప్ఫై ఏళ్ళైనా నిండకుండా శంకర్ చనిపోయింది. ఏనుగును ఒంటిగా దీర్ఘకాలం ఉంచరాదన్న నిబంధన మన దేశంలో అప్పటికే ఉంది. గొడవంతా ఆ తోడు ఎక్కడి నుంచి రావాలన్నదే. ఆఫ్రికాలో ఇంకో ఏనుగును మంద నుంచి విడదీసి తెస్తే ఒక ఒంటరితనాన్ని రెండు చేసినట్టవుతుందన్న అభ్యంతరానికి గట్టి జవాబు ఎవరూ చెప్పలేకపోయారు.

పోనీల విషయంలో ఒక దారి ఉంది. బ్రిటన్‌లో 1927లో ఏడా కోల్ స్థాపించిన సంస్థ, ఇప్పటి పేరు వరల్డ్ హార్స్ వెల్ఫేర్, కాపాడి తెచ్చిన గుర్రాలను అమ్మదు, అరువిస్తుంది. స్వారీకి పనికిరాక, తోడుగా మాత్రమే ఉండగలిగినవాటిని ఆ మాట చెప్పే ఇస్తుంది. గుర్రం మీద హక్కు సంస్థకే ఉంటుంది, తీసుకున్నవాళ్ళ పరిస్థితి మారితే గుర్రం వెనక్కి పోతుంది. నైయాయికుడి గొలుసు ఇక్కడ తెగుతుంది, చివరికి మిగిలినది తిరిగి వెళ్ళడానికి ఒక మంద ఉంది కనుక. మన దేశంలో 2019 పశుగణన ప్రకారం గుర్రాలు, పోనీలు కలిపి 3.4 లక్షలే. ఏడేళ్ళలో దాదాపు సగానికి పడిపోయాయి. బళ్ళు, బట్టీలు వదిలించుకుంటున్న గుర్రాలు ఎక్కడో ఒకచోట తేలతాయి. విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఒక పోనీని పెంచుకుంటూ రెండోదాన్ని వెతికేవాళ్ళు, దాని వయసు, పళ్ళు, డెక్కలు చూసే ముందే ఇచ్చేవాళ్ళను ఒక మాట అడగాలి: మా పోనీ ముందు పోతే దీన్ని మళ్ళీ మీ మందలోకి తీసుకుంటారా? తీసుకోం అని అంటే ఇంకోచోట వెతకడం మేలు, లేదా మొదటినుంచే మూడింటికి సరిపడా పచ్చిక చూసుకోవాలి.