పత్రి కోయుటకు ముందు

తెలిసికొనని నేలను తనదనుకొనుట ధర్మమా? 1860లో మద్రాసు నుండి ట్రూరో నౌకపై నేటాలు చేరిన కూలీలలో తెలుగువారును ఉండిరి. పరాయి నేలను వారికి పరిచయము చేసినది చెరకు తోటల కఠిన శ్రమ. స్వేచ్ఛగా వలస వెళ్లిన నేటి కుటుంబములకు ఆ పరిచయము ప్రీతితోనే కలుగవచ్చును.

అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున ఫ్రిస్కో పట్టణములో తెలుగు కుటుంబములు పెక్కు గలవు. పిల్లలను ఇంటనే చదివించు తల్లిదండ్రుల హక్కును ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు 1994లో స్థిరపరచినది. ఇంటి చదువునకు పెరడే తొలి గ్రంథము కాదగును.

ఆ ప్రాంతపు గడ్డినేలలలో మిల్క్‌వీడ్ అను మొక్క సహజముగా పెరుగును. అది జిల్లేడునకు దగ్గరి చుట్టము. త్రుంచిన పాలు కారును. మోనార్క్ సీతాకోకచిలుక గ్రుడ్లు పెట్టునది ఆ మొక్కపైననే. దాని గొంగళిపురుగునకు వేరు ఆహారము లేదు. శరత్కాలమున ఆ సీతాకోకచిలుకలు టెక్సాసు మీదుగా మెక్సికో కొండలకు తరలిపోవును.

వినాయక చవితి నాటి ఇరువదియొక్క పత్రములలో జిల్లేడాకు ఒకటి. అది దొరకని చోట దాని చుట్టమును కోసి పూజించుట తగునా? మొక్క మహిమ అవ్వకు తెలియును. ఆకు అడుగున నున్న గ్రుడ్డును మనుమరాలు చూచును. కోయవలదని ఆ బాలిక అనిన, అది భక్తికి లోపమా?

ఎంతమాత్రము కాదు. పత్రి వెదకుచు పెద్దలు పిల్లలకు మొక్కలను గుర్తించుట నేర్పిరి. ఆకు నాశ్రయించిన ప్రాణిని గుర్తించుట ఆ పాఠమునకే మలిమెట్టు. ఆ మొక్క చెంత అక్షతలుంచి నమస్కరించినను పూజయే. అవ్వ జ్ఞానము, బాలిక చూపు ఒకే పెరటిలో కలిసిన ఇంట పూర్వుల నేల మరపునకు రాదు. నూతన భూమియు పరాయిది కాదు.