చెప్పడమా, ఆపడమా

మా అన్నయ్య కూతురు డాలస్ దగ్గర చిన్న విమానాలు నడపడం నేర్పుతుంది. నాకు ఆ విద్య తెలియదు. ఒకరి ప్రాణం ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడు ఎవరి బాధ్యత ఎంత అన్న ప్రశ్న మాత్రం చాలాకాలంగా నన్ను వదలడం లేదు. అందుకే అడిగాను.

"ఇంజిన్ ఆపకుండానే మనుషుల్ని ఎక్కించడం, దింపడం మీ దగ్గర ఉందా?"

"ఉంది బాబాయ్. స్కైడైవింగ్ చోట్ల రోజంతా అదే పని. టర్బైన్ ఇంజిన్‌ని ఆపి స్టార్ట్ చేసిన ప్రతిసారీ దాని ఆయుష్షు కొంత తరుగుతుంది. పిస్టన్ ఇంజిన్లలో ఫ్యూయల్ ఇంజెక్షన్‌వి వేడి మీద ఆపితే గొట్టాల్లో పెట్రోలు ఆవిరై, మళ్లీ అందుకోవడానికి మొరాయిస్తాయి. ఇక విద్యార్థిని మొదటిసారి ఒంటరిగా పంపేటప్పుడు ఇన్‌స్ట్రక్టర్ చాలాసార్లు నడుస్తున్న ఇంజిన్‌తోనే దిగిపోతారు. నన్నూ అలాగే పంపారు."

"దిగినవాళ్లు ఎటు వెళ్లాలి?"

"తోక వైపు. సెస్నాలో రెక్కని మోసే స్ట్రట్ ఉంటుంది చూడండి, దాన్ని దాటి ముందుకు రాకూడదు. ఆ మాట ముందే చెప్తాం."

"చెప్తే సరిపోతుందా?"

వెంటనే బదులివ్వలేదు. కాసేపటికి మెకిన్నీ సంగతి ఎత్తింది. ఆమె ఉండే చోటికి దగ్గరే. 2011 డిసెంబరు 3 రాత్రి, అక్కడి ఏరో కంట్రీ విమానాశ్రయం. క్రిస్మస్ దీపాలు పైనుంచి చూపించడానికి ఒక పైలట్ ఒక యువతిని ఏవియాట్ హస్కీలో తిప్పి తెచ్చాడు. అందులో ఇద్దరికే చోటు. తర్వాత ఇంకొకరిని తీసుకెళ్లాలి కాబట్టి ఇంజిన్ ఆపలేదు. దిగిన అమ్మాయి ముందుకు నడవబోతుంటే సీట్లోంచి వంగి చెయ్యి అడ్డం పెట్టాడు. వెనకనుంచి వెళ్లమన్నాడు. రెక్కకి స్ట్రట్ అతికే చోటు దాటి ఆమె పక్కకి వెళ్లిపోతోందని చూసుకున్నాకే చెయ్యి తీశాడు. ఎడమవైపు కిటికీ తెరిచి, తర్వాత ఎవరు వస్తారని అడగబోయాడు. అంతలో "ఆపండి" అని కేక. ఆమె బతికింది గానీ ఎడమ చెయ్యి, ఎడమ కన్ను పోయాయి. దర్యాప్తు చేసిన ఎన్‌టీఎస్‌బీకి ఆ పైలట్ చెప్పుకున్న కథనం ఇది.

నా మనసు ఆ అడ్డం పెట్టిన చెయ్యి దగ్గరే నిలిచిపోయింది. అతన్ని నిర్లక్ష్యపరుడని కొట్టిపారెయ్యడం నాకు చేతకాలేదు. ప్రమాదం తెలుసు. నోటితో చెప్పాడు, చేత్తో ఆపాడు, కళ్లతో చూసుకున్నాడు.

"చెయ్యనిది ఒక్కటే కదమ్మా?"

"మిక్స్చర్ వెనక్కి లాగడం. పెట్రోలు ఆగుతుంది, కాసేపట్లో ఇంజిన్ ఆగుతుంది."

"మరి ఆలోచించు. నువ్వు హెచ్చరించినంత మాత్రాన అపాయం ఎక్కడికీ పోదు. దాన్ని తప్పించుకునే పని మాత్రం నీ దగ్గరనుంచి ఎదుటి మనిషి మీదికి వెళ్తుంది. అదీ ఎవరి మీదికి? ఆ యంత్రం గురించి అందరికన్నా తక్కువ తెలిసినవాళ్ల మీదికి."

ఆమె ఊరుకోలేదు. "అలాగైతే సీటు బెల్టు పెట్టుకోమనడం కూడా భారం వెయ్యడమే."

"బెల్టు కళ్లకి కనిపిస్తుంది. వాళ్లు మర్చిపోతే కదిలే ముందు నువ్వే చూసి పెడతావు. ప్రొపెల్లర్ కనిపిస్తుందా?"

అప్పుడు తనే లెక్క చెప్పింది. రెండు బ్లేడ్ల ప్రొపెల్లర్ నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగితే ఒకే చోటునుంచి సెకనుకి 33 సార్లు బ్లేడు పోతుంది. కన్ను దాన్ని విడదీసి చూడలేదు, పల్చటి పొగలా అనిపిస్తుంది, చీకట్లో అదీ ఉండదు. సెస్నా 172 మీది ప్రొపెల్లర్ అడ్డకొలత దాదాపు 1.9 మీటర్లు. నేల మీద తీరిగ్గా తిరుగుతున్నట్టు వినిపించే ఆ వేగంలోనే బ్లేడు కొన గంటకి 350 కిలోమీటర్ల పైచిలుకుతో పోతుంటుంది. ఒక బ్లేడు వెళ్లి ఇంకోటి వచ్చే లోపు, మామూలుగా నడిచే మనిషి ముందుకు జరిగేది నాలుగు సెంటీమీటర్లు.

"ఇంకో చిక్కుంది బాబాయ్. విమానం దగ్గర వెనక్కి వెళ్లమంటాం. హెలికాప్టర్ దగ్గర వెనక్కే వెళ్లకూడదు, తోక రోటర్ ఉంటుంది. పైలట్‌కి కనపడేలా ముందునుంచో పక్కనుంచో రమ్మంటారు. రెండూ ఎక్కినవాళ్లకి ఏ మాట దేనికో ఎలా గుర్తుంటుంది?"

నా వాదానికి బలం ఆమే ఇస్తోంది. అయినా ఒక చోట గట్టిగా నిలబడింది.

"తెలిసినవాళ్ల సంగతి వేరు. స్కైడైవర్లకి శిక్షణ ఉంటుంది. వెనకనుంచే వస్తారు, వెనకనుంచే ఎక్కుతారు. తెలిసి ఒప్పుకున్నవాళ్ల మధ్య తప్పేముంది?"

ఆ ఒప్పుదలకి విలువుందని నేనూ ఒప్పుకున్నాను. కానీ 2024 అక్టోబరులో కాన్సాస్‌లోని విచిటా దగ్గర, స్కైడైవర్లని ఫొటోలు తీస్తున్న ఒకావిడ వెనక్కి అడుగులేస్తూ ప్రొపెల్లర్‌కి తగిలి చనిపోయింది. ఆ చోటు ఆవిడకి కొత్త కాదు. కెమెరాలోంచి చూస్తున్నప్పుడు ఎంత తెలిసిన మనిషికైనా వెనక ఏముందో ఆ క్షణాన గుర్తుండకపోవచ్చు. స్కైడైవింగ్ గురించి మా ఇద్దరికీ ఇప్పటికీ కుదరలేదు. ఆమె దృష్టిలో అది పద్ధతి ప్రకారం నడిస్తే సరైనదే.

"మీ విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఏమంటుంది?"

"1983 నాటి సలహాపత్రం ఒకటుంది, ప్రొపెల్లర్ల ప్రమాదాల మీద. మనుషుల్ని ఎక్కించే ముందు, దించే ముందు ఇంజిన్ ఆపమనే చెప్తుంది. కానీ అది సలహా. విమానానికి సంబంధించి తుది నిర్ణయం, బాధ్యత పైలట్‌వే అని నియమం 91.3 చెప్తుంది."

"అయితే నిర్ణయించేది నువ్వే. ఆపకపోతే కలిసొచ్చేది ఎవరికి?"

"విమానం యజమానికి. నాకు. కొన్ని నిమిషాలు, కొంత స్టార్టర్ అరుగుదల."

"పోతే?"

ఆ ప్రశ్నకి జవాబు ఇద్దరికీ తెలుసు. లాభం ఒకరిది, పోయే చెయ్యి ఇంకొకరిది అయినప్పుడు, నేను జాగ్రత్తగానే ఉంటానులే అని పైలట్ తనకి తాను చెప్పుకునే ధైర్యం నాకు న్యాయంగా తోచదు. జాగ్రత్త అతనికి ఉండొచ్చు, పందెం కాసింది అతని చెయ్యి కాదు.

"ఆపినా పూర్తిగా నిశ్చింత కాదు బాబాయ్," అంది. "ఇంజిన్‌కి నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటో గ్రౌండ్ వైరు తెగి ఉంటే, ఆగిన ప్రొపెల్లర్‌ని చేత్తో కదిపినా ఇంజిన్ రగులుకుని ఒక్క విసురు విసరొచ్చు. తాళం చెవి ఎలాగూ తీసి డాష్ మీద, బయటివాళ్లకి కనిపించేలా పెడతాం. అయినా సరే, ప్రొపెల్లర్ ఆగి ఉన్నా నడుస్తున్నట్టే చూడమని మొదటి రోజే నేర్పుతాం."

"అంత నేర్పేవాళ్లు, ఒంటరిగా పంపే రోజు ఇంజిన్ నడుస్తుండగా ఎందుకు దిగుతారు?"

"విద్యార్థి ధైర్యం చెదరకూడదని. ఊపు మీద ఉన్నప్పుడే పంపెయ్యాలని." కొంచెం ఆగింది. "ఇకమీద నేను ఆపించే దిగుతాను. నేను దూరం వెళ్లాక వాడే స్టార్ట్ చేసుకుంటాడు. అదీ పైలట్ ఒంటరిగా చెయ్యాల్సిన పనే కదా."