శ్రుతి ఎవరి కొఱకు?

వైశాఖ శుద్ధ తదియ బసవ జయంతి. ఆ దినమునకు నెల రోజుల ముందు చేవెళ్ళలోనో, మొయినాబాదులోనో పదునైదుగురు భక్తులు కూడి, జయంతి సభలో వచనములు పాడుటకు పూనుకొన్నారని అనుకొనవచ్చును. వారిలో రైతు కలడు, దుకాణదారు కలడు, బడిపంతులు కలడు, గృహిణులు, బాలబాలికలు కలరు. నాలుగు దినముల అభ్యాసము గడచిన పిదప ఒక చిక్కు తల యెత్తును. ఒక వృద్ధుని గొంతు శ్రుతిలో నిలువదు. ఒక అక్క తాళమునకు ముందు పోవును. "సభకు స్వాములు, పెద్దలు విచ్చేయుదురు, బాగుగా పాడువారిని మాత్రమే నిలుపుదము" అని కొందఱందురు. "శివుని పాటకు ఒకరిని రమ్మని యొకరిని పొమ్మనుట ఏమి ధర్మము?" అని మరికొందఱందురు. ఇది పైకి సంగీత విషయముగా కనిపించును గాని, నిజమునకు ధర్మ విషయము.

రెండవ పక్షమువారికి ఆధారములు లేకపోలేదు. తాళమానములు తన కెఱుక లేవని, అయినను వలపు కొలది పాడుదునని శివునికి విన్నవించు భావము గల వచనము బసవేశ్వరులదే కలదు. పాల్కురికి సోమనాథుడు బసవ పురాణమున కీర్తించిన భక్తులలో ముగ్ధభక్తుల స్థానము ఎంత గొప్పదో ఎల్లరకు తెలిసినదే. తానిచ్చిన పాలను శివుడు త్రాగుట లేదని వెక్కి వెక్కి యేడ్చిన గొడగూచి విధివిధానములు ఎఱిగినది కాదు. శివునికి తల్లి లేదే యని జాలిపడి తానే తల్లియైన బెజ్జ మహాదేవి శాస్త్రము చదివినది కాదు. వారిని అక్కున చేర్చుకొన్న దేవుడు అపశ్రుతికి అలుగునా? అలుగడు. ఇందు సందేహము లేదు.

కాని ఇంతటితో విచారణ ముగియదు. తన శరీరమునే వీణగా చేసి మీటుకొమ్మని శివుని వేడుకొన్న వచనము కూడ బసవేశ్వరులదే. వీణ కావలెనన్నచో తంత్రి బిగియవలెను. సడలిన తంత్రి ఎంతటి వైణికుని చేతనైనను పలుకదు. మరియు కాయకమే కైలాసమను శరణులు పనిని ఎట్లు చేసిరి? నులియ చందయ్య పేనిన త్రాడు తెగునదైనచో, మడివాళ మాచయ్య ఉతికిన వస్త్రమున మురికి మిగిలినచో, అంబిగర చౌడయ్య పడవలో నీరు చొరబడినచో, భక్తి యున్నది గదా యని ఊరకుండిరా? పనిలో లోపమును భక్తి పేరిట కప్పిపుచ్చుట శరణ మార్గము కాదు. కావున అభ్యాసము చేయక, "మాది భక్తి గానము, రాగతాళములతో పని లేదు" అనుట సోమరితనమునకు విభూతి పూయుటయే యగును.

ఈ రెండు వచనములకు విరోధము కలదా? ఒక్క విషయమును గుర్తించినచో విరోధము తొలగును. ఇష్టలింగ పూజ అరచేతిలో జరుగును. అందు జరిగిన తప్పు భక్తునికి శివునికి నడుమ నుండును. ప్రక్క కూర్చున్నవాని పూజను అది చెఱుపదు. పాట అట్టిది కాదు. ఒకడు విడిచిన స్వరము తక్కిన పదునలుగురి చెవిని చేరును, వారి గొంతును లాగును, సభలోని వారికి అందును. పూజ ఏకాంతము, సామూహిక గానము దాసోహము వంటిది. దాసోహములో అన్నము వండువాడు తినువాని ఆకలిని తలచవలెను గదా! కనుక శ్రుతి శివునికి అవసరము కాదు. ప్రక్కనున్న తోడి మనుష్యునికి అవసరము. శ్రుతి కలుపుట యనగా ప్రక్కవాని గొంతు వినుట. తన పాట తానే వినువాడు ఎంత చక్కని గాత్రము గలవాడైనను సమూహములో శ్రుతి తప్పినవాడే.

ఈ దృష్టితో చూచినచో అభ్యాస పద్ధతియే మారును. మొట్టమొదట ఆధార శ్రుతి నిర్ణయము. ముఖ్య గాయకునికి అనుకూలమని హార్మోనియము మీద హెచ్చు శ్రుతి పట్టినచో పెద్దవారు అందుకొనలేక అరచుదురు, లేదా మౌనము వహింతురు. పిమ్మట వారే శ్రుతి తప్పిరని నింద. అందఱికిని అందు శ్రుతిని పట్టి, గొప్ప గాత్రము గలవాడు కొంత తగ్గుట న్యాయము. ఇక పురుషుల శ్రుతి వేఱు, స్త్రీల శ్రుతి వేఱు. ఇందుకు మన పల్లె భజనలోనే ఉపాయము కలదు. ఒకరు చరణమును అందించగా తక్కినవారు అందుకొందురు. ఒక వరుస పురుషులు, ఒక వరుస స్త్రీలు పాడుదురు. పల్లవి వద్ద అందఱు కలియుదురు. కఠినమైన పాదము సమర్థునికి, సులభమైన పల్లవి ఎల్లరకు, తాళము లయ తెలిసినవానికి చెందును. ఎవరి శక్తికి తగిన పని వారికి లభించును.

మంచి గాత్రము గలవారికి ఆయ్దక్కి లక్కమ్మ చరిత్ర ఒక పాఠము. కల్యాణములో ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యము ఏరుకొని తెచ్చి దాసోహము చేసెడివాడు. ఒకనాడు కావలసిన దానికంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ ఆ మిగులును తిరిగి అక్కడనే పోసి రమ్మనెను. తన భాగమునకు మించిన బియ్యము వద్దన్న ఆ తల్లి, తన భాగమునకు మించిన స్వరవిస్తారమును చూచి ఏమనెడిదో గాయకులే ఊహింపవచ్చును.

పదముల విషయము కూడ విచారింపదగినది. హైదరాబాదు నుండి మొయినాబాద్, చేవెళ్ళల మీదుగా మర్రిచెట్ల నడుమ సాగు త్రోవను నేటికిని బీజాపూరు రోడ్డనియే పిలుతురు. బసవేశ్వరుల జన్మస్థలమైన బాగేవాడి ఆ బీజాపూరు, అనగా నేటి విజయపుర జిల్లాలోనిదే. త్రోవ ఒక్కటే యైనను భాషలు రెండు. వచనములు కన్నడములో నున్నవి. ఈ ప్రాంతపు పిల్లలకు ఇంట కన్నడము రాకపోవచ్చును. అర్థము తెలియక పలికిన మాటలో ఊపిరి ఎక్కడ నిలుపవలెనో తెలియదు. వచనమునకు నియత ఛందస్సు లేదు; భావము ముగిసినచోటనే విరామము. అందువలన అర్థము చెప్పని అభ్యాసములో పదునైదుగురు పదునైదు చోట్ల ఆగుదురు. మొదటి దినము రాగము నేర్పక అర్థము చెప్పుటయే మేలు.

తెలుగువారికి మరియొక సంపద కలదు. సోమనాథుడు 13వ శతాబ్దిలోనే సంస్కృత వృత్తములను ప్రధానముగా గ్రహింపక ద్విపదను చేపట్టెను. పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. రెండు పాదములకు ఒక జత. అడుగు వెంట అడుగు పడినట్లు నడచును గనుక పలువురు కలసి పాడుటకు అనువైనది. పండితారాధ్య చరిత్రలో ఆయన తుమ్మెద పదములు, వెన్నెల పదములు, గొబ్బి పదములు మున్నగు జనుల పాటలను పేర్కొనెను. అందఱి నోట నిలుచు పాటయే ఆయనకు ప్రియము. కన్నడ వచనముతో పాటు ద్విపదను చేర్చుకొన్నచో గానబృందములోని పెద్దలకు, పిల్లలకు సమానముగా నోరు తిరుగును.

శిక్షణ వలన ఏమి సాధ్యమగునో చూపు నిదర్శనములు కలవు. హానగల్ కుమారస్వాముల ఆదరణ వలన సంగీతజ్ఞుడైన పంచాక్షరి గవాయి (1892–1944) పుట్టు అంధుడు. గదగులో ఆయన నెలకొల్పిన వీరేశ్వర పుణ్యాశ్రమము అంధ బాలురకు, అనాథలకు అన్నము పెట్టి సంగీతము నేర్పెను. ఆయన శిష్యుడు పుట్టరాజ గవాయి (1914–2010) కూడ అంధుడే. దీర్ఘకాలము ఆ ఆశ్రమమును నడిపెను. అక్కడ ఇతరులు పనికిరారన్నవారిని చేరదీసిరి. చేరదీసిన పిదప సులభమైన కొలతను గాక కఠినమైన సాధనను ఇచ్చిరి. దయ, క్రమశిక్షణ రెండును ఒకే చోట నుండుట అందు విశేషము. చిత్తూరులో జన్మించిన సంగీత దర్శకుడు ఎం. బి. శ్రీనివాసన్ (1925–1988) కూడ మద్రాసు యూత్ కోయిర్ ద్వారా, పలువురి గొంతులు కలసి పాడు బృందగానమునకు మన దేశములో గౌరవము తెచ్చెను.

2009 మే 10న సికింద్రాబాదు పరేడ్ మైదానములో లక్షకు పైగా జనులు అన్నమాచార్యుల ఏడు సంకీర్తనలను ఒక్కసారిగా పాడిరి. అంతటి సముద్రములో ఒక్క అపశ్రుతి వినబడదు. పదునైదుగురి బృందములో దాగుటకు చోటు లేదు. చిన్న బృందమునకు ధర్మపరీక్ష అధికమగుట ఇందువలననే.

చేవెళ్ళ, మొయినాబాద్ ప్రాంతము కూరగాయలకు, పూల తోటలకు పేరుపొందినది. తెల్లవారకముందే కోసి నగరపు బజారుకు పంపువారికి రాత్రి ప్రొద్దుపోవు వరకు అభ్యాసము సాగదు. ఆలస్యముగా వచ్చినవానిని నలుగురిలో మందలించుటకు ముందు, అతడు కాయకము నుండి వచ్చెనా, కాలక్షేపము నుండి వచ్చెనా యని విచారింపవలెను. పాట కొఱకు కాయకమును విడువుమనుట శరణులు నేర్పిన మాట కాదు.

ఇన్ని చేసిన పిదపను ఒక గొంతు కలియకపోవచ్చును. అప్పుడు ఏమి చేయవలెను? చాటున నవ్వుట, చెప్పకయే పేరు తీసివేయుట పాపము. ఉన్న మాటను దాచి పొగడుట కూడ హితము కాదు. బృందములో పెద్దవారు ఆ వ్యక్తితో ఒంటరిగా, మర్యాదగా చెప్పవలెను: "ఈ చరణము మెల్లగా పాడుడు; పల్లవి మాతో కలసి పాడుడు; మీ స్థానము మీదే." అట్లు నిలుపుట వలన సభలో పాట కొంచెము తగ్గవచ్చును. ఆ నష్టమును ఎఱిగియే అంగీకరింపవలెను. బహుమతుల పోటీకి పోవు బృందము గాత్రములను ఎంచుకొనుట తప్పు కాదు. దాని నియమము వేఱు. కాని మడివాళునికి, పడవవానికి, బియ్యము ఏరుకొనువానికి సమాన పీఠమిచ్చిన అనుభవ మంటపము పేరు చెప్పుకొని పాడు బృందము, తన వరుస నుండి ఒక వృద్ధుని త్రోసివేసి మధురముగా పాడినచో, ఆ మాధుర్యము పాటను అబద్ధము చేయును.

కావున అభ్యాసము తప్పక చేయవలెను. శ్రుతి తప్పక కలుపవలెను. కాని కలుపవలసినది స్వరములను మాత్రమే కాదు. సభ ముగిసిన మఱునాడు ఆ పదునైదుగురును ఒకరి గుమ్మము ముందు నుండి ఒకరు తల యెత్తి పోగలిగినచో, ఒకరినొకరు "శరణు" అని పలుకరింపగలిగినచో, ఆ బృందము శ్రుతిలో నున్నట్లే.